జాడ లేని తండ్రి సంతకం కోసం దత్తతలు ఆపవద్దు: కడప జిల్లా కలెక్టరు గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కడప జిల్లా కలెక్టరు గారికి, జిల్లా బాలల సంరక్షణ విభాగం అధికారులకు, బాలల సంక్షేమ సమితి సభ్యులకు నమస్కారాలు.

బాల న్యాయ చట్టానికి 2021లో చేసిన సవరణ 2022 సెప్టెంబరు 1 నుంచి అమలులోకి రావడంతో, అంతవరకు కోర్టులు ఇస్తూ వచ్చిన దత్తత ఉత్తర్వులను జిల్లా మేజిస్ట్రేటు హోదాలో కలెక్టరు గారే ఇస్తున్నారు. ఆ అధికారం కిందికి వచ్చే దరఖాస్తుల్లో ఒక రకం గురించి మాత్రమే ఈ లేఖ రాస్తున్నాను. భర్త వదిలేసి వెళ్లిపోయిన స్త్రీ చట్టప్రకారం విడాకులు తీసుకుని మళ్లీ పెళ్లి చేసుకుంటుంది. ఆ రెండవ భర్త ఆమె బిడ్డను తన బిడ్డగా దత్తత తీసుకోవాలనుకుంటాడు. తల్లికి ఇష్టమే, బిడ్డకు ఇష్టమే, ముగ్గురూ ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో ఉంటున్నారు. అయినా కన్నతండ్రి సమ్మతి పత్రం లేదన్న ఒక్క కారణంతో ఆ దరఖాస్తు ముందుకు కదలదు. సమ్మతి ఇవ్వవలసిన ఆ మనిషి ఎక్కడ ఉన్నాడో, అసలు ఉన్నాడో లేడో ఎవరికీ తెలియదు.

నేను ప్రొద్దుటూరు ప్రాంతంలో దస్తావేజు లేఖరిని. క్రయ దస్తావేజులు, భాగ పరిష్కారాలు, వీలునామాలు రాయడం నా వృత్తి. అప్పుడప్పుడు దత్తత దస్తావేజులు కూడా రాయవలసి వస్తుంది. పిల్లల్లేని అన్న తమ్ముడి కొడుకును దత్తత తీసుకోవడం వంటివైతే ఒక పూటలో పని పూర్తవుతుంది. మారుతండ్రి దత్తత కోసం వచ్చినవారిని మాత్రం చాలాసార్లు నేనే వెనక్కి పంపవలసి వచ్చింది. అలా వెళ్లినవారు వేరే చోట ఏ పత్రం రాయించుకుంటారో, ఆ పత్రం పదేళ్ల తర్వాత ఏ గొడవకు దారితీస్తుందో తెలిసినవాణ్ణి కాబట్టే ఈ విషయం మీ ముందు పెడుతున్నాను.

ఇటీవల మగ్గం నేసుకుని బతికే ఒక దంపతులు వచ్చారు. అమ్మాయికి పన్నెండేళ్లు, ఏడో తరగతి. కన్నతండ్రి ఆమె చంటిబిడ్డగా ఉన్నప్పుడే కువైట్ వెళ్లాడు. మొదట్లో కొంత డబ్బు పంపాడు, తర్వాత ఫోను నంబరు మారింది, ఆ తర్వాత కబురే లేదు. వాళ్లు తెచ్చిన ప్లాస్టిక్ కవరులో ఏకపక్షంగా మంజూరైన విడాకుల డిక్రీ నకలు, ఆ కేసు నోటీసు అచ్చయిన దినపత్రిక ముక్క, అతని సొంతూరి చిరునామాకు పంపితే తిరిగొచ్చిన రిజిస్టరు పోస్టు కవరు ఉన్నాయి. ఆ కవరు మీద పోస్టుమాన్ ఎర్ర సిరాతో 'ఊళ్లో లేరు' అని రాసి తేదీ వేశాడు. అమ్మాయి చేతిలో ఉన్న నోటుపుస్తకం లేబుల్ మీద తన పేరుకు ముందు మారుతండ్రి ఇంటిపేరు రాసుకుంది. అదే అమ్మాయి స్టడీ సర్టిఫికెట్ మీద, ఆమెకు ఊహ తెలిశాక ఒక్కసారి కూడా చూడని మనిషి ఇంటిపేరు ఉంది. కన్నతండ్రి సంతకమైనా, అతని మరణ ధ్రువీకరణ పత్రమైనా తెమ్మని ఒక కార్యాలయంలో చెప్పి పంపారట. "ఆయప్ప యాడుండాడో తెలిస్తే కాళ్లు పట్టుకోనైనా సంతకం తెచ్చుకుంటాము గదన్నా" అన్నాడు ఆ భర్త. అతనికి నేను చెప్పగలిగిన జవాబు లేకపోయింది. జవాబు చెప్పగలిగిన అధికారం మీకు ఉంది.

చట్టం ఎక్కడ అడ్డుపడుతున్నదో ముందు చెబుతాను. హిందువులకు వర్తించే 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టంలోని 9వ సెక్షన్ ప్రకారం బిడ్డను దత్తత ఇచ్చే హక్కు తల్లిదండ్రులది. 2010 సవరణకు ముందు, తండ్రి బతికి ఉండగా సాధారణంగా తల్లికి ఆ హక్కే లేదు. సవరణ తర్వాత ఇద్దరికీ సమాన హక్కు వచ్చింది గానీ, ఒకరు ఇవ్వాలంటే రెండోవారి సమ్మతి తప్పనిసరి. ఆ రెండోవారు సన్యసించి ఉంటే, హిందూ మతం వదిలి ఉంటే, మతిస్థిమితం లేనివారని కోర్టు ప్రకటించి ఉంటే తప్ప మినహాయింపు లేదు. బిడ్డను వదిలేసి వెళ్లిపోవడం ఆ మూడింటిలో లేదు. అంటే కాషాయం కట్టి వెళ్లిన తండ్రి సంతకం అక్కరలేదు, చెప్పాపెట్టకుండా వెళ్లిన తండ్రి సంతకం మాత్రం కావాలి. ఇద్దరిలో ఎవరూ ఆ బిడ్డకు ఒక పూట అన్నం పెట్టలేదు.

అదే సెక్షన్‌లో నాలుగో ఉపవిభాగం చూడండి. తల్లీ తండ్రీ ఇద్దరూ బిడ్డను వదిలేస్తే, కోర్టు అనుమతితో సంరక్షకుడు ఆ బిడ్డను దత్తత ఇవ్వవచ్చునని అక్కడ స్పష్టంగా ఉంది. కాబట్టి తల్లిదండ్రులు బిడ్డను వదిలేయడం అన్న సంగతి ఈ చట్టానికి తెలియనిది కాదు. ఇద్దరూ వదిలేసిన బిడ్డకు దారి చూపించిన చట్టం, ఒకరు వదిలేసి ఒకరు గుండెకు హత్తుకున్న బిడ్డకు దారి చూపించలేదు.

బాల న్యాయ చట్టం కింద వచ్చిన దత్తత నిబంధనల్లోనూ ఇదే తీరు. పెళ్లయిన దంపతుల బిడ్డను ఒక్క తల్లే తీసుకొచ్చి నేను పెంచలేనని అప్పగిస్తే, తండ్రి జాడ తెలియకపోతే, ఆ బిడ్డను వదిలివేయబడిన బిడ్డగానే పరిగణించి ముందుకు సాగమని నిబంధనలు చెబుతాయి. అప్పుడు పత్రికలో ప్రకటన ఇస్తారు, విచారణ చేస్తారు, కన్నవారి కోసం వెతుకుతారు. రెండేళ్లలోపు బిడ్డ అయితే రెండు నెలల్లో, అంతకన్నా పెద్దదైతే నాలుగు నెలల్లో, ఎవరూ రాకపోతే దత్తతకు చట్టపరమైన అడ్డంకి లేదని బాలల సంక్షేమ సమితి ప్రకటించవచ్చు. ఆ జాడ లేని తండ్రి సంతకం కోసం ఎవరూ ఎదురుచూడరు. అదే తల్లి ఆ బిడ్డను శిశుగృహలో అప్పగించకుండా, రెక్కలు ముక్కలు చేసుకుని పెంచి, మంచివాడొకడు దొరికితే పెళ్లి చేసుకుని, అతని చేత దత్తత తీసుకునేలా చేయాలనుకుంటే మాత్రం, అదే తండ్రి సంతకం తెమ్మంటున్నాము. బిడ్డను వదులుకునే తల్లికి నాలుగు నెలల దారి ఉంది. బిడ్డను వదలని తల్లికి దారే లేదు. నా లేఖ మొత్తానికి ఇదొక్కటే అసలు మాట. దీన్ని సరిదిద్దడానికి మీకు ఉన్న అవకాశాన్ని వాడమని అడుగుతున్నాను.

దాంపత్యం విషయంలో చట్టం ఇంత పట్టుగా లేదన్నది కూడా గమనించాలి. హిందూ వివాహ చట్టం ప్రకారం భార్యను రెండేళ్లు వదిలేస్తే విడాకులకు అదొక కారణం, ఏడేళ్లుగా బతికి ఉన్నట్టు కబురు లేకపోతే అదింకొక కారణం. కోర్టు నోటీసు ఇచ్చి, దొరకకపోతే పత్రికలో వేయించి, రాకపోతే ఏకపక్షంగా విని డిక్రీ ఇస్తుంది. ఆ డిక్రీతో ఆమె మళ్లీ పెళ్లి చేసుకోవచ్చు. భర్తగా అతను వెళ్లిపోయాడని ఒక న్యాయస్థానం తేల్చి చెప్పిన తర్వాత, తండ్రిగా మాత్రం అతను హాజరులో ఉన్నట్టే లెక్కపెట్టడం ఏ విధంగా సమంజసమో నాకు అర్థం కాదు.

సుప్రీంకోర్టు 1999లోనే, రిజర్వు బ్యాంకు బాండ్ల విషయంలో ఒక తల్లి వేసిన కేసులో, సహజ సంరక్షకుడైన తండ్రి తర్వాతే తల్లి అన్న మాటకు 'తండ్రి లేని పరిస్థితిలో' అని అర్థం చెప్పింది. తండ్రి బతికే ఉన్నా బిడ్డ బాగోగులు బొత్తిగా పట్టించుకోకపోతే, దూరంగా ఉండి బాధ్యత చూడలేని స్థితిలో ఉంటే, అతను లేనట్టే భావించి తల్లి సంరక్షకురాలిగా వ్యవహరించవచ్చునని తేల్చింది. మన తెలుగు కుటుంబం నుంచే వెళ్లిన మరో కేసులో 2022 జూలై 28న అదే కోర్టు, మొదటి భర్త చనిపోయిన తల్లి తన బిడ్డకు రెండో భర్త ఇంటిపేరు పెట్టుకోవచ్చునని తీర్పు ఇచ్చింది. రికార్డుల్లో ఆయన పేరును మారుతండ్రి అని రాయమన్న హైకోర్టు ఆదేశాన్ని దాదాపు క్రూరమైనదిగా పేర్కొంటూ, అది బిడ్డ మనసు మీద, ఆత్మగౌరవం మీద ఏ ప్రభావం చూపుతుందో ఆలోచించలేదని అభ్యంతరం చెప్పింది. ఆ కేసులో తండ్రి మరణించాడు, కాబట్టి అది మన సమస్యను పూర్తిగా తీర్చదు. అయినా బిడ్డ వైపు నుంచి చూడమన్న ఆ దృష్టి ఇక్కడ కూడా వర్తించాలి.

దత్తత లేకపోతే ఏమవుతుందని అడిగేవారు ఉన్నారు. ప్రేమగా చూసుకుంటున్నాడు కదా, కాగితం ఎందుకని అంటారు. కాగితాల మధ్యే బతికే నాలాంటివాడు దీనికి జవాబు చెప్పగలడు. హిందూ వారసత్వ చట్టంలో కొడుకు, కూతురు అంటే కన్నవారు లేదా దత్తత తీసుకున్నవారు. భార్యకు మొదటి భర్త వల్ల కలిగిన బిడ్డ, మారుతండ్రి వీలునామా రాయకుండా పోతే, అతని ఆస్తికి నేరుగా వారసురాలు కాదు. రెండెకరాల చెనక్కాయ చేను ఉన్న మనిషి చనిపోయిన పదిహేను రోజులకే అన్నదమ్ములు పాసు పుస్తకం గురించి మాట్లాడటం నేను చూశాను.

అంతకన్నా భయపెట్టేది ఇంకొకటి ఉంది. హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం సహజ సంరక్షకుల నిర్వచనంలో మారుతండ్రిని, సవతి తల్లిని చేర్చలేదని విడిగా వివరణ రాసి మరీ చెప్పింది. కాబట్టి ఆ తల్లికి రేపు ఏదైనా జరిగితే, పదేళ్లు వేలు పట్టుకుని బడికి తీసుకెళ్లిన మనిషి ఆ బిడ్డకు చట్టం దృష్టిలో పరాయివాడు అవుతాడు. ఎక్కడున్నాడో తెలియని మనిషే సంరక్షకుడుగా మిగులుతాడు. ఆసుపత్రిలో ఆపరేషన్‌కు సంతకం పెట్టవలసి వచ్చినప్పుడో, మైనరు పేరున ఉన్న బ్యాంకు ఖాతా నడపవలసి వచ్చినప్పుడో ఈ సంగతి బయటపడుతుంది.

దారి మూసుకుపోయినవారు పక్కదారి పట్టడం మామూలే. 'తండ్రి ఆచూకీ తెలియదు' అని ఒక వాక్యం రాసి దత్తత దస్తావేజు రిజిస్టరు చేయించుకున్నవారు ఉన్నారు. రిజిస్టరు అయింది కదా అని వాళ్లు ధీమాగా ఉంటారు. రిజిస్టరు దస్తావేజుకు హిందూ దత్తత చట్టంలోని 16వ సెక్షన్ ఇచ్చేది, సక్రమంగా జరిగిందన్న ఊహ మాత్రమే. ఎవరైనా కాదని రుజువు చేస్తే ఆ ఊహ నిలవదు. చట్టానికి విరుద్ధంగా జరిగిన దత్తత చెల్లదని అందులోని 5వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి మారుతండ్రి చనిపోయాక దాయాదులు వేసే దావాలో, కన్నతండ్రి సమ్మతి ఏదని అడిగే మొదటి ప్రశ్నకే ఆ దస్తావేజు కూలిపోవచ్చు. నేను అలాంటివి రాయను. రాసే నా తోటివారిని కూడా దయచేసి రాయవద్దని ఈ లేఖ ద్వారా కోరుతున్నాను.

పైగా 1956 చట్టం దారి అందరికీ సరిపోదు. మగవాడు ఆడపిల్లను దత్తత తీసుకోవాలంటే ఇద్దరి మధ్య ఇరవై ఒక్క ఏళ్ల తేడా ఉండాలి. నేను చెప్పిన మగ్గం మనిషికి ముప్పై రెండేళ్లు, అమ్మాయికి పన్నెండు. ఒక్క ఏడాది తక్కువ కాబట్టి సంతకం దొరికినా ఆ దారి పనికిరాదు. మారుతండ్రికి తన కొడుకు ఒకడుంటే మరో మగబిడ్డను దత్తత తీసుకోవడానికి లేదు. పదిహేనేళ్లు నిండితే, ఆచారం ఉంటే తప్ప వీలు లేదు. మన జిల్లాలో పెద్ద సంఖ్యలో ఉన్న ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు ఆ చట్టం అసలు వర్తించదు. వీళ్లందరికీ ఉన్న ఒకే దారి బాల న్యాయ చట్టం. అది ఏ మతంవారికైనా వర్తిస్తుందని 2014లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఆ చట్టం కింద మారుతండ్రి దత్తతకు వయసు నిబంధనల మినహాయింపు కూడా ఉంది. ఆ దారి చివర ఉన్నది మీ కార్యాలయమే.

ఇంతవరకు చదివినవారు నేను వెళ్లిపోయిన తండ్రులందరినీ ఒకే గాటన కడుతున్నానని అనుకోకూడదు. కడప జిల్లా నుంచి కువైట్ వెళ్లిన మనుషుల సంగతి మనకు తెలియనిది కాదు. పాస్‌పోర్టు యజమాని దగ్గర చిక్కుకుపోయి, అకామా, అంటే అక్కడ ఉండే అనుమతి, గడువు తీరి, దొంగచాటుగా పని చేసుకుంటూ, ఇంటికి ఫోను చేయడానికి కూడా ముఖం చెల్లని వారు ఉన్నారు. 2018లోనూ 2024లోనూ కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించి, పత్రాలు లేనివారు జరిమానా లేకుండా స్వదేశాలకు వెళ్లవచ్చునన్నది ఇలాంటివారి కోసమే. జైలులో ఉన్నవారు, మంచాన పడినవారు కూడా ఉండవచ్చు. అటువంటి మనిషి తిరిగి వచ్చేసరికి తన బిడ్డ మరొకరి బిడ్డగా మారిందంటే అది అతనికి తీరని అన్యాయం. కావాలని చిరునామా దాచి, తండ్రి జాడ లేదని చెప్పే తల్లులు కూడా ఉండవచ్చు, ఆ మాట అనడానికి నేను వెనుకాడను. అందుకే కన్నతండ్రి సమ్మతి అక్కరలేదని రాసేయమని నేను అడగడం లేదు. అతను నిజంగా వెళ్లిపోయాడా, రాలేకపోతున్నాడా అన్నది మీ యంత్రాంగం విచారించి తేల్చాలని అడుగుతున్నాను. దాన్ని తేల్చే బాధ్యతను మగ్గం నేసుకునే దంపతుల మీద వేస్తే వాళ్లు ఎక్కడికి పోయి ఎవరిని అడుగుతారు?

మీ చేతిలో ఉన్న యంత్రాంగం చిన్నది కాదు. కన్నతండ్రి సొంతూరిలో గ్రామ సచివాలయం ఉంది, అందులో వీఆర్‌ఓ, మహిళా పోలీసు ఉన్నారు. వాళ్లు ఒక పూట ఆ వీధికి వెళ్లి అతని తల్లిదండ్రులను, అన్నదమ్ములను కలిస్తే, నోటీసులకు దొరకని సమాచారం దొరుకుతుంది. కొడుకు ఎక్కడున్నాడో అవ్వకు తెలియకపోవడం అరుదు. అతను ప్రతి పండక్కీ ఫోను చేస్తున్నాడని తేలితే ఆ నంబరుకే నోటీసు పంపవచ్చు, అతను ఇష్టం లేదంటే అదీ రికార్డు కావాలి. విదేశంలో ఉన్నాడనుకుంటే భారత రాయబార కార్యాలయం ద్వారా, విదేశాంగ శాఖ నడిపే మదద్ పోర్టల్ ద్వారా వాకబు చేయడం కలెక్టరు కార్యాలయానికి కష్టమైన పని కాదు. ఆపైన రెండు తెలుగు దినపత్రికల్లో ప్రకటన, దానికి గడువు. వదిలివేయబడిన బిడ్డ విషయంలో సరిపోయిన నాలుగు నెలల గడువు ఇక్కడ ఎందుకు సరిపోదు?

ఈ విచారణలో నాయనమ్మ, తాతల మాట తప్పక వినాలని ప్రత్యేకంగా కోరుతున్నాను. దత్తతతో ఆ ఇంటి వైపు నుంచి ఇకముందు రావలసిన వారసత్వం బిడ్డకు తెగిపోతుంది. కొడుకు దారి తప్పినా మనవరాలి మీద ప్రాణం పెట్టుకున్న అవ్వలు, అబ్బలు నాకు తెలుసు. దత్తత అయినా తమ చేతిలోని భూమిని వీలునామాతోనో దానపత్రంతోనో ఆ బిడ్డకు ఇచ్చుకోవచ్చునని వాళ్లకు చెప్పేవారు ఉండాలి. ఆ ఒక్క మాట చెబితే తగ్గిపోయే కోపాలు చాలా ఉన్నాయి.

విచారణ ముగిసి, తండ్రి బిడ్డను వదిలేశాడని తేలినప్పుడు, ఆ నివేదికను కోర్టు డిక్రీతో, పత్రికా ప్రకటనతో, తిరిగొచ్చిన పోస్టు కవర్లతో జతచేసి, సమ్మతి నిబంధన సడలించవలసిందిగా మీ సిఫారసుతో రాష్ట్ర దత్తత వనరుల సంస్థ ద్వారా ఢిల్లీలోని కేంద్ర దత్తత వనరుల సంస్థకు, అంటే కారాకు పంపండి. నిబంధనలను సడలించే అధికారం కారాకు ఉంది. జిల్లా మేజిస్ట్రేటు స్వయంగా విచారణ చేయించి పంపిన కాగితానికి ఉండే బరువు, ఒక తల్లి తన చేత్తో రాసుకున్న అర్జీకి ఉండదు. సడలింపు వచ్చాక, దత్తత దరఖాస్తును రెండు నెలల్లో పరిష్కరించాలన్న బాల న్యాయ చట్టం 61వ సెక్షన్ గడువు ఎలాగూ ఉంది. బిడ్డ వయసును, తెలివిని బట్టి ఆమె కోరికను పరిగణించాలని కూడా ఆ సెక్షనే చెబుతుంది. ఏడో తరగతి పిల్ల తన నాయన ఎవరో స్పష్టంగా చెప్పగలదు. ఆ మాటను తల్లీ మారుతండ్రీ పక్కన లేని గదిలో, ఒక మహిళా అధికారి సమక్షంలో వినండి.

వీటికంటే ముందు జరగవలసిన పని ఒకటుంది. సంతకం లేదన్న కారణంతో దరఖాస్తును కిటికీ దగ్గరే తిప్పి పంపడం ఆగాలి. తీసుకుని రసీదు ఇవ్వాలి. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. నోటిమాటగా కుదరదు పొమ్మంటే దానిపై పైవారిని ఆశ్రయించడానికి ఆధారమే ఉండదు. కారా నడిపే కేరింగ్స్ అనే ఆన్‌లైన్ పోర్టల్‌లో దరఖాస్తు నమోదు చేయడం తెలియని దంపతులకు జిల్లా బాలల సంరక్షణ విభాగంలో ఒకరు కూర్చోబెట్టి చేయించాలి. బిడ్డ సంరక్షణ మీద కోర్టులో కేసు నడుస్తుంటే అది ముగిసేదాకా దత్తత మొదలుపెట్టకూడదన్న నిబంధనను, విడాకులు కాకుండా చేసుకున్న మారుమనువు చెల్లదు కాబట్టి ముందు డిక్రీ తెచ్చుకోవాలన్న సంగతిని మొదటి రోజే చెబితే, వాళ్లు ఏడాది తిరిగాక తెలుసుకునే బాధ తప్పుతుంది. ఇవన్నీ ఒక పేజీ తెలుగులో అచ్చువేసి సచివాలయాల్లో అంటించవచ్చు. ఆ పేజీ నన్ను రాయమంటే ఉచితంగా రాసి ఇస్తాను.

మన ప్రాంత పార్లమెంటు సభ్యులకు కూడా ఒక మనవి. హిందూ దత్తత చట్టం 9వ సెక్షన్‌లోని మూడు మినహాయింపులకు నాలుగోదిగా, 'బిడ్డను వదిలేసినట్టు కోర్టు లేదా జిల్లా మేజిస్ట్రేటు విచారించి తేల్చిన సందర్భం' అన్న మాట చేర్చడానికి సవరణ ప్రతిపాదించండి. నాలుగో ఉపవిభాగంలో ఇప్పటికే ఉన్న ఆలోచనే అది, కొత్తగా కనిపెట్టవలసిందేమీ లేదు. అంతవరకు ఈ బిడ్డలను పద్దెనిమిదేళ్లు నిండేదాకా ఆగమనడం కుదరదు. పద్దెనిమిది నిండితే బాల న్యాయ చట్టం కింద దత్తతకు అర్హత పోతుంది.

కలెక్టరు గారూ, సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికకు ఆ మగ్గం దంపతులను నేనే వెంటబెట్టుకుని వస్తాను. విడాకుల డిక్రీ, పత్రికా ప్రకటన, పోస్టు కవరు, పెళ్లి ధ్రువపత్రం, అమ్మాయి జనన ధ్రువపత్రం అన్నీ వరుసగా కుట్టి, తెలుగులో అర్జీ జతచేసి తెస్తాము. దాన్ని తీసుకుని, కన్నతండ్రి ఊరికి విచారణ వేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక దస్తావేజు లేఖరి,
ప్రొద్దుటూరు, కడప జిల్లా.